జనరల్‌కి అరువిచ్చిన గొంతు

మీరే. ఇంకెవరో కాదు, మీరే. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఎర్రలైటు పడితే కారు అద్దం పైకి లేపుకుని, ఏసీ పెంచుకుని, "ఈ దేశానికి మిలిటరీ రూలే కరెక్టండీ, ఓ రెండేళ్ళు వాళ్ళకి అప్పజెప్తే అన్నీ దారికొస్తాయి" అన్నారు చూశారూ, మీరే ముద్దాయిలు. ఆ మాట పెళ్ళి బంతిలో పప్పు కలుపుకుంటూ అన్నారు. మాదాపూర్ అద్దాల మేడల్లో కాఫీ కప్పు పట్టుకుని అన్నారు. మిలిటరీ అంటే మీకు ఇస్త్రీ చేసిన బట్టలు, ఒక్కసారే నేలకి తగిలే బూట్లు. ఆ బూట్లు వీధిలోకొచ్చి మీ గుమ్మం ముందు ఆగితే ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. తెలిసినవాడొకడు మీ ఊళ్ళోనే ఉన్నాడు. వాడి గొంతు మీ ఇళ్ళల్లో రోజూ వినపడుతూనే ఉంది. మొహం మటుకు మీరెన్నడూ చూడలేదు.

ఆయన పేరు సుబ్బరామయ్య. మోతీనగర్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటాడు. రోజూ బస్సెక్కి ఫిల్మ్‌నగర్ వెళ్ళి, చీకటి గదిలో నిలబడి, తెర మీద ఆడే నోళ్ళకి మాటలిచ్చి వస్తాడు. తెలుగు రాని విలన్‌కి తెలుగిచ్చింది ఆయనే. యముడికి నవ్వు, జడ్జీకి తీర్పు, పక్షవాతం వచ్చి నాలుక తిరగని పాత నటుడికి శాపనార్థాలు, అన్నీ ఆయన గొంతులోంచి వచ్చినవే. కూరగాయల బండి దగ్గర ఆయన బేరమాడుతుంటే జనం వెనక్కి తిరిగి చూస్తారు. ఈ గొంతెక్కడో విన్నామే అనుకుంటారు. సన్నగా, బట్టతలతో, చేతిసంచీ పట్టుకున్న మనిషి కనపడేసరికి, అబ్బే, ఈయన కాదులే అనుకుని వంకాయలు ఏరుకుంటారు.

రెండువేల ఏడో సంవత్సరం అది. వినాయకుడి పందిళ్ళు ఫిల్మ్‌నగర్ కొండ మలుపు మలుపునా వెలిశాయి. ఊళ్ళో బాంబులు పేలి నెల తిరగలేదు. పార్కులో లేజర్ షో చూడ్డానికి వెళ్ళినవాళ్ళు, చాట్ తినడానికి వెళ్ళినవాళ్ళు ఇంటికి రాలేదు. ఊరంతా బిక్కుబిక్కుమంటోంది, అందరి నోటా మిలిటరీ మాటే. సరిగ్గా ఆ గాలిలోనే బాబీ సినిమా తయారవుతోంది.

బాబీ విజయవాడ కుర్రాడు. సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ళు చేసి, అమెరికా వెళ్ళమంటే వెళ్ళనని, డైరెక్టర్‌నవుతానని ఫిల్మ్‌నగర్‌లో తేలాడు. చెడ్డవాడు కాదు. పెద్దవాళ్ళు కనపడితే కాళ్ళకి దణ్ణం పెడతాడు. డబ్బు పెట్టేది మాదాపూర్‌లో కంపెనీ ఉన్న వాళ్ళ బాబాయి. పేరింకా పెట్టలేదు, అందరూ ప్రొడక్షన్ నంబర్ టూ అనే అంటున్నారు. కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. దేశం కుళ్ళిపోతుంది, మంత్రులు మేస్తుంటారు, ఒక జనరల్ వచ్చి దేశాన్ని చేతిలోకి తీసుకుని శుభ్రం చేస్తాడు. చివర్లో మేడ మీద నిలబడి ప్రజలతో మాట్లాడతాడు. ఆ మాట్లాడే గొంతు కోసం బాబీ సుబ్బరామయ్య ఇంటికి పళ్ళు పట్టుకుని వచ్చాడు.

"గురువుగారూ, ఇది మీరు తప్ప ఎవరూ చెప్పలేరండీ. టైటిల్స్‌లో మీ పేరు వేస్తాను. సోలో కార్డు."

సోలో కార్డంటే తెరంతా ఆయన పేరొక్కటే. ముప్ఫై ఏళ్ళు నోళ్ళకి మాటలిచ్చినవాడికి ఒక్కసారైనా తెర మీద తన పేరు కనపడలేదు. సుబ్బరామయ్య కథేమిటని అడగలేదు. ఏ రోజు రమ్మంటారు అని అడిగాడు.

స్టూడియో కొండరాళ్ళ మధ్య ఉంది. బయట పందిట్లో డప్పులు మోగుతుంటే, లోపల మెత్తటి తలుపు పడగానే చెవుల్లో దూది పెట్టినట్టయిపోతుంది. గాజు గోడకి అవతల మీటల ముందు సృజన్ కూర్చుంటాడు. బోరబండవాడు, సౌండ్ ఇంజనీరు. ఇవతల చీకట్లో మైకు, ఒక స్టాండు, ఎదురుగా తెర. ఒక ముక్క తీసి మళ్ళీ మళ్ళీ వేస్తారు. దాన్ని లూప్ అంటారు. నోరు తెరిచే చోట మాట తెరవాలి, మూసే చోట మూయాలి. కుదిరేదాకా ఆ ముక్కే గిర్రున తిరుగుతుంటుంది. తెర మీద మనిషి చెయ్యెత్తుతాడు, దించుతాడు, మళ్ళీ ఎత్తుతాడు. అరగంట అట్లా చూస్తే ఎవరికైనా కల పడుతుంది.

జనరల్ మేడ మీదికొచ్చాడు. ఎత్తయిన మనిషి, బొంబాయి నటుడు. వెనక నీలం రంగు ఆకాశం. అది ఆకాశం కాదు, గుడ్డ. దాని అంచున గాలికి ముడత పడుతోంది. కాయితం మీద ఉన్న మాట చాలా తియ్యగా ఉంది: "నా ప్రజలారా, ఈ బాధ్యత నేను కోరుకున్నది కాదు. దేశం కోసం తీసుకున్నాను."

సుబ్బరామయ్య నోరు తెరిచాడు. గొంతు రాలేదు.

సృజన్ లూప్ మళ్ళీ వేశాడు. జనరల్ చెయ్యెత్తాడు. ఆ నీలం గుడ్డ ముడత విప్పుకుంది. దాని వెనకనుంచి నది వచ్చింది.

నది అంటే రంగూను రేవు నది. ముసలివాళ్ళు రంగం అనేవాళ్ళు. కోరంగి నుంచి, సిక్కోలు నుంచి ఓడలెక్కి మూటలు మొయ్యడానికి పోయినవాళ్ళు కట్టుకున్న తెలుగు బతుకు అక్కడొకటుండేది. సుబ్బరామయ్య తండ్రి వీరయ్య రేవు కూలీలకి బియ్యం, పప్పు, పొగాకు అమ్మేవాడు. నదీ ఆకాశమూ ఒకే రంగులో ఉండే వానలు. వాన వెలిశాక దూరంగా బంగారు గోపురం, నీళ్ళల్లోంచి లేచి మళ్ళీ నీళ్ళల్లోకే పోతున్నట్టు. ఆ ఊళ్ళో పుట్టినవాడు సుబ్బరామయ్య. తెలుగెంత వచ్చో బర్మా మాటా అంతే వచ్చు.

మిలిటరీ అక్కడ మొదటిసారి వచ్చినప్పుడు ఊరు ఊడ్చింది. అబద్ధం చెప్పకూడదు, నిజంగానే ఊడ్చింది. మురిక్కాలవలు తవ్వించారు. వీధికుక్కల్ని కాల్చేశారు. గుడిసెల వాళ్ళని లారీలెక్కించి ఊరవతల పడేశారు. వీరయ్యకి కొట్టు ముందు నేల కనపడింది, ఎన్నాళ్ళకో. మామూళ్ళు అడిగే పార్టీ రౌడీలు మాయమైపోయారు. మిలిటరీ అంటే మిలిటరీయే, తెల్లవాడి తర్వాత వీళ్ళే మొగాళ్ళు అన్నాడు. ఏడాదిన్నరకి ఎన్నికలు పెట్టి వాళ్ళు వెళ్ళిపోతే వీరయ్య దిగులుపడ్డాడు. వచ్చిన ప్రతి బేరం దగ్గరా అదే గోడు, మళ్ళీ వాళ్ళొస్తే బాగుణ్ణని.

వచ్చారు. అరవై రెండు, మార్చి నెల, పొద్దున్నే. రేడియోలో ఒక గొంతు. దేశం పాడైపోయింది గనక బాధ్యత మేం తీసుకున్నాం అంది. అరవలేదా గొంతు. కసరలేదు. బియ్యం కొలిచినంత మామూలుగా చెప్పింది. వీరయ్య కొట్టు ముందు కొబ్బరికాయ కొట్టాడు. కూలీలందరికీ బెల్లం, పుట్నాలు పంచాడు. కొడుకు చేతిలో కూడా పోశాడు.

"సార్, జర నీళ్ళు తాగుండ్రి. ఫికర్ ఏం లేదు, మల్ల ఏస్త" అన్నాడు సృజన్, గాజు గోడ అవతలినుంచి.

తాగాడు. జనరల్ చెయ్యెత్తాడు. "దేశం కోసం" దగ్గర గొంతు మళ్ళీ జారింది. అదేం విడ్డూరమో, ఇట్లా ఎప్పుడూ జరగలేదాయనకి. జ్వరమొచ్చినా యముడు నవ్వాడు. పెళ్ళాం పోయిన పదోరోజున పెళ్ళికొడుకు తండ్రి సరదాగా మాట్లాడాడు. ఈ ఒక్క ముక్క మటుకు నాలుక మీదికి వచ్చి వెనక్కి పోతోంది. లూప్ తిరుగుతోంది. తెర మీద మనిషి పెదాలు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. ఆ పెదాల వంక చూస్తూ చూస్తూ సుబ్బరామయ్య ఒక సంగతి పట్టాడు. ఆ పెదాలు ఏ మాటా చెప్పడం లేదు.

అదేమిటని అడిగితే, సృజన్ పక్కన కూర్చున్న బాబీ నవ్వాడు. అసలు సంగతి చెప్పాడు. ఆ బొంబాయాయనకి తెలుగు రాదు, నేర్చుకునే ఓపికా లేదు. సెట్లో కెమెరా ముందు నిలబడి, మొహంలో గాంభీర్యం పెట్టి, ఏక్ దో తీన్ చార్ అని అంకెలు లెక్కపెట్టాడు. ఎట్లాగూ డబ్బింగే కదా. రచయితేమో వేరే సినిమాకి పోయి ఫోనెత్తడం లేదు. "ఈ మాటలు మీకు నప్పకపోతే వదిలేయండి గురువుగారూ. పెదాలకి ఏదైనా సరిపోతుంది. పవర్‌ఫుల్‌గా మీకు తోచింది మీరే చెప్పండి."

ఇదిగో, సుబ్బరామయ్య జీవితంలో తలుపు తెరుచుకుంది ఇక్కడ. ఎవరో రాసింది ఎవరి నోట్లోనో పెట్టడమే ఆయన బతుకంతా. ఇవాళ ఎదురుగా నోరు ఖాళీగా ఉంది. జనరల్ నోరు. దాంట్లో నిజం పోస్తాను అనుకున్నాడు. రేడియోలో ఆ పొద్దున వాళ్ళు చెప్పకుండా దాచిందంతా ఈ జనరల్ చేత చెప్పిస్తాను. హాల్లో కూర్చున్నవాళ్ళ వెన్ను జలదరించాలి. మిలిటరీ కావాలన్న ప్రతివాడూ కుర్చీలో ముడుచుకుపోవాలి. అమ్మ దేవమ్మకి ఏం జరిగిందో ఈ ఊరు ఒక్కసారి వినాలి. ఆ కోరిక ఎంత బలంగా పుట్టిందంటే, సోలో కార్డు సంగతి మర్చేపోయాడు.

లూప్ వెయ్యి అన్నాడు సృజన్‌తో.

జనరల్ వచ్చాడు. ఆకాశం ముడతపడింది. ఈసారి సుబ్బరామయ్య గొంతు పెంచలేదు. బియ్యం కొలిచినట్టు చెప్పాడు.

"మీ వీధులు ఊడ్పిస్తాను. మీ కుక్కల్ని చంపిస్తాను. మీ పిల్లలు పోగయ్యే భవనం తెల్లవారకముందే పేలుస్తాను. మీ కొట్టుకి నా బోర్డు పెడతాను. మీ చేతిలో నోటు రేపటికి కాయితం. ఓడ రేవులో ఉంది. మెళ్ళో ఏముందో తీసి ఇక్కడ పెట్టి ఎక్కండి. ఎవరూ మాట్లాడకండి. నేను మాట్లాడుతున్నాను."

ఒక్కో మాటా పోయి ఒక్కో అంకె మీద కూర్చుంది. పెదాలు తెరుచుకున్న చోట తెరుచుకుంది, మూసిన చోట మూసుకుంది. మాట్లాడుతున్నంత సేపూ తెర మీద జనరల్ లేడు. రంగూను యూనివర్సిటీ వైపునుంచి ఒక ఉరుము ఉంది. నిద్రలో విని వానేమో అనుకున్నాడు పిల్లవాడప్పుడు. పొద్దున లేస్తే విద్యార్థుల సంఘం భవనం లేదు. రెండేళ్ళకి కొట్టుకి బోర్డు పెట్టారు, ప్రజల దుకాణమని. వీరయ్య తన తక్కెడ ముందు తనే కూలివాడై నాలుగు రోజులు నిలబడ్డాడు. ఒక సాయంత్రం రేడియో పెద్ద నోట్లు చెల్లవంది. ఇంట్లో ఉన్నవన్నీ పెద్ద నోట్లే. ఆ తర్వాత రేవు, ఇండియాకి తిరిగిపోయే ఓడ. రేవులో తనిఖీ చేసినవాడు ఎవరో కాదు, కొట్టుకొచ్చి పొగాకు కొనుక్కునే సిపాయి. వీరయ్యని అకో, అకో అని పిలిచేవాడు, అన్నా అని. చాలా మర్యాదగా దేవమ్మ మెడ చూపించి చెయ్యి చాపాడు. పుస్తెలు తీసుకున్నాడు. పసుపు తాడు ఆమెకే ఇచ్చేశాడు. నిచ్చెన మీద పిల్లవాడి కాలు జారబోతే పట్టుకుని ఎక్కించింది కూడా వాడే. చేతిలో పుస్తెలు అట్లాగే ఉన్నాయి.

విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో రేకుల కింద వీరయ్య ఇంకా కొన్నాళ్ళు బతికాడు. కొట్టిన కొబ్బరికాయని మటుకు వెనక్కి తీసుకోలేదు. మిలిటరీ మంచిదేరా, కిందివాళ్ళు పాడుచేశారు అంటూనే పోయాడు.

లూప్ ఆగింది. సుబ్బరామయ్య చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అయింది, చెప్పేశాను అనుకున్నాడు. గాజు అవతల బాబీ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"గురువుగారూ, గూస్‌బంప్స్ వచ్చాయండీ. మంత్రులందరికీ వార్నింగ్ ఇచ్చినట్టుంది. మీ కొట్టు, మీ నోటు, బ్లాక్ మనీ మీద ఏం పంచ్ అండీ. క్లైమాక్స్ ఎక్కడికో వెళ్ళిపోయింది."

వార్నింగ్ కాదయ్యా, అది జరిగింది, మా అమ్మకి జరిగింది అని సుబ్బరామయ్య చెప్పబోయాడు. బాబీ వినే మూడ్‌లో లేడు. వాళ్ళ బాబాయికి ఫోన్ చేసి మాటలన్నీ అప్పజెబుతున్నాడు. ఒక్క లైను మటుకు తీసేయమన్నాడు, పిల్లలు పోగయ్యే భవనం లైను. అది కాస్త నెగెటివ్‌గా ఉంది, హీరోయిజం తగ్గుతుంది అన్నాడు. తక్కినదంతా ఉంచమన్నాడు. కుక్కల్ని కూడా.

బాబీ వెళ్ళాక సృజన్ వైర్లు చుడుతూ చుడుతూ ఆగాడు. "మీరు కహానీ చెప్పలే సార్. జరిగింది చెప్పిన్రు. మా బస్తీల గుడిసెలు పీకనీకి వచ్చినోల్లు గూడ గిట్లనే మాట్లాడిన్రు, నిమ్మలంగ." అంతే అన్నాడు. లైటార్పి తాళం వేశాడు.

హాల్లో జనానికి అర్థమవుతుందిలే అనుకుంటూ సుబ్బరామయ్య బస్సెక్కాడు. బాబీ ఒక్కడు పిల్లకాకి. జనం వేరు. జనం చెవి వేరు. ఆ రాత్రి ఆయనకి కల కూడా పడలేదు. రేవు నిద్రపోయింది.

శనివారం మధ్యాహ్నం కొండ మీద ప్రివ్యూ థియేటర్లో వేశారు. మాదాపూర్ కంపెనీ నుంచి రెండు బస్సుల్లో కుర్రవాళ్ళని తెచ్చారు. మెళ్ళో కార్డులు, చేతుల్లో పాప్‌కార్న్. చక్కని పిల్లలు. వాళ్ళ మధ్య సుబ్బరామయ్య ఒదిగి కూర్చున్నాడు. పక్కన నవత అనే అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, ఆయన చేతిలో నాలుగు పాప్‌కార్న్ గింజలు పెట్టింది, తాతయ్యా తీసుకోండి అని.

క్లైమాక్స్ వచ్చింది. జనరల్ మేడ మీదికి వచ్చాడు. ఇప్పుడు వెనక ఆకాశం గుడ్డలాగా లేదు. కంప్యూటర్‌లో మబ్బులు కలిపారు, పక్షులు కలిపారు. చూస్తుంటే మనసు తేలిపోయేటట్టుంది. సుబ్బరామయ్య కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఆయన గొంతు తెరలోంచి వచ్చింది. మీ వీధులు ఊడ్పిస్తాను. ఈల పడింది. మీ కుక్కల్ని చంపిస్తాను. నవ్వులు, ఈలలు. మంత్రుల మొహాలు చూపించారు. మీ చేతిలో నోటు రేపటికి కాయితం. లేచి నిలబడ్డారు. మెళ్ళో ఏముందో తీసి ఇక్కడ పెట్టి ఎక్కండి. కింద సన్నాయి, డ్రమ్ములు కలిపి ఒక సంగీతం. పాప్‌కార్న్ గాల్లోకి లేచింది, వెలుతురు కిరణంలో తెల్లగా, నెమ్మదిగా, పూలవానలాగా పడింది. దేవమ్మ మెడ మీద పడింది. ఓడ మెట్ల మీద పడింది. ఎవరూ మాట్లాడకండి, నేను మాట్లాడుతున్నాను. హాలంతా ఒక్క గొంతుతో ఆ మాట తిరిగి అరిచింది. ఎవరూ మాట్లాడకండి.

వాళ్ళు రాక్షసులు కారు. అదే బాధ. పుట్నాలు పంచిన రోజున వీరయ్య కూడా రాక్షసుడు కాడు.

"ఏం వాయిస్ తాతయ్యా" అంది నవత, కళ్ళల్లో నీళ్ళతో. "ఇట్లాంటాయన ఒక్కడు నిజంగా రావాలి."

లైట్లు వేశాక బాబీ అందరి ముందూ సుబ్బరామయ్యని లేపి నిలబెట్టాడు. గొంతు ఈయనదే అన్నాడు. చప్పట్లు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కోరుకున్న చప్పట్లు. ఈ డైలాగ్‌ని కాలర్ ట్యూన్ చేస్తున్నాం, రేపటినుంచి మీ ఫ్రెండ్స్ ఎవరికి ఫోన్ చేసినా గురువుగారే పలుకుతారు అని బాబీ ప్రకటించాడు. సుబ్బరామయ్య ఆ చప్పట్లలో నిలబడి, ఎవరో తన నోట్లో చెయ్యి పెట్టి నాలుక తిప్పుతున్నట్టు ఫీలయ్యాడు. జనం వెళ్ళేదాకా ఆగాడు. బాబీ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు.

నా గొంతు తీసెయ్యి అన్నాడు. సోలో కార్డు వద్దు, ఏమీ వద్దు, తీసెయ్యి. రేవు సంగతి, పుస్తెల సంగతి, నాన్న సంగతి మొత్తం చెప్పాడు. మొదటిసారి తన సొంత నోటితో చెప్పాడు. బాబీ విన్నాడు. పాపం, కళ్ళు తడి చేసుకున్నాడు కూడా. అంతా విని, చాలా మర్యాదగా అన్నాడు:

"అది బర్మా గురువుగారూ. మన ఆర్మీ అట్లాంటిది కాదు. అయినా మీకు బాధైతే మీ వాయిస్ తీసేస్తాను, నో ప్రాబ్లమ్. రేపు ఇంకొకరి చేత చెప్పిస్తాను. మాటలు మటుకు ఉంటాయండీ. అవి జనానికి వెళ్ళిపోయాయి."

మన ఆర్మీ సంగతి నేనడగలేదయ్యా, ఎవడి చేతికైనా తుపాకీతో పాటు రేడియో కూడా ఇస్తే ఏమవుతుందో చెప్తున్నాను అన్నాడు సుబ్బరామయ్య. బాబీకి ఫోన్ వచ్చింది.

కొండ దిగి నడిచాడు. ఎండ తెల్లగా ఉంది. పందిట్లో వినాయకుడికి హారతి ఇస్తున్నారు. ఎవరి ఫోనో మోగితే ఉలిక్కిపడ్డాడు, అప్పుడే తన గొంతు అందులోకి ఎక్కేసిందేమో అని. మాటలు తనవి. తన తల్లి మెడలోంచి తీసిన మాటలు. వాటితో రేపు ఇంకొకడు పలుకుతాడు. నిజం చెప్తే చాలు జనం వింటారనుకున్నాడు. వినరు. ఆ నోట్లోంచి ఏది వచ్చినా పాటలాగే వినపడుతుంది. తప్పు మాటల్లో లేదు. నోటికి గొంతివ్వడంలోనే ఉంది. ఇది తెలిసేసరికి టీకొట్టు వచ్చింది.

డబ్బింగ్ వాళ్ళంతా మధ్యాహ్నం పూట అక్కడే కూర్చుంటారు. అమ్మ పాత్రలకి గొంతిచ్చే శ్యామలాదేవి ఉంది. కమెడియన్లకి, రౌడీలకి చెప్పే బాలనర్సయ్య ఉన్నాడు. ఇంకా నలుగురైదుగురున్నారు. కొట్లో గోడ మీద టీవీ నడుస్తోంది. వార్తలు. మూల చిన్న బొమ్మలో, ఇప్పటికీ మిలిటరీ చేతిలోనే ఉన్న రంగూను.

సుబ్బరామయ్య గ్లాసు అందుకోబోయి ఆగిపోయాడు. వాన పడుతోందక్కడ. ఎర్రటి బట్టలు, గుండ్లు, వందలు వందలు, నది నడిచొచ్చినట్టు బౌద్ధ సన్యాసులు నడుస్తున్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఎవరూ అరవడం లేదు. ముందున్నవాడు నల్లటి భిక్షాపాత్ర పైకెత్తి పట్టుకున్నాడు. బోర్లించి పట్టుకున్నాడు. అడుగు ఆకాశం వైపు, మూతి నేల వైపు.

"గిదేంది, అడుక్కునేటోల్లు గిన్నె ఉల్టా పట్టిండ్రు" అన్నాడు బాలనర్సయ్య. అందరూ నవ్వారు.

అప్పుడు సుబ్బరామయ్య వాళ్ళకి చెప్పాడు. ఆ ఊళ్ళో తెల్లవారుజామున ఈ సన్యాసులు గుమ్మం ముందుకొచ్చి మాట్లాడకుండా నిలబడతారు. దేవమ్మ కూడా వేడి అన్నం పెట్టేది. పెట్టినవాళ్ళకి పుణ్యం. ఆ పుణ్యం లేకపోతే వాళ్ళ దేశంలో ఎంతటివాడూ నిద్రపోలేడు, జనరల్ కూడా పోలేడు. పాత్ర బోర్లించారంటే, మిలిటరీ వాడి చేతి అన్నం మాకొద్దని. నీకు పుణ్యం ఇవ్వం అని. వాళ్ళ దగ్గర తుపాకీ లేదు. ఇవ్వాల్సింది ఒక్కటే ఉంది, అది ఇవ్వడం మానేశారు. ఇంతే వాళ్ళ యుద్ధం.

ప్రివ్యూ సంగతి కూడా చెప్పాడు. బాబీ రేపు ఇంకొకరిని పిలుస్తానన్నాడని చెప్పాడు.

"ఏంటయ్యా సుబ్బరామయ్యా, సన్యాసం పుచ్చుకుంటున్నావా?" అంది శ్యామలాదేవి. వెటకారంగానే అంది, కానీ కళ్ళు టీవీ మీదనుంచి తియ్యలేదు.

"నువ్వొద్దంటే ఆగుతదా? నా లెక్కటోల్లు లైన్ల నిలవడి ఉన్నరు" అన్నాడు బాలనర్సయ్య. "మేమందరం వద్దంటే మద్రాసు కెళ్ళి తెస్తరు. ఊకో అన్నా, సినిమా అది."

తెస్తారు. అది నిజమే. తుపాకీ లేనివాళ్ళు పాత్ర బోర్లిస్తే తుపాకీ ఆగుతుందని ఎవడు చెప్పగలడు. టీవీలో సన్యాసులు మలుపు తిరుగుతున్నారు. మలుపు అవతల లారీలు ఉన్నాయి, వాటిలో ఆకుపచ్చ టోపీలు ఉన్నాయి. సుబ్బరామయ్యకి ఆ వీధి తెలుసు. దాని చివర రేవు ఉందని తెలుసు. వాన ఆ తెరలోంచి కారి టీకొట్టు గోడ మీదుగా తన చెప్పుల దాకా వచ్చినట్టనిపించింది. కాళ్ళు చల్లబడ్డాయి. గొంతు మటుకు పొడిగా, స్పష్టంగా ఉంది. యముడిదీ కాదు, జడ్జీదీ కాదు. చిన్న గొంతు. శ్యామలాదేవి ముప్ఫై ఏళ్ళలో ఆ గొంతు వినలేదు.

"రేపు పొద్దున బాబీ మీలో ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తాడు. ఎత్తండి. ఎత్తి, ఆ మాట మేం చెప్పం అనండి. సోలో కార్డంటాడు, వద్దనండి. మద్రాసు నుంచి తెస్తానంటాడు, మద్రాసు వాళ్ళకి మీరే ముందు ఫోన్ చెయ్యండి, ఇప్పుడే, ఈ టీ తాగేలోపు. ఆ జనరల్ నోరు ఆడుతుంది. ఆడనివ్వండి. దానికి గొంతివ్వకండి."